బరువుకు పెట్టిన డిస్కు

మదనపల్లెలో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఒక షాపతనికి నేనంటే భయం. నేను మెట్లెక్కడం చూస్తే చాలు, తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టి, "ఇంగ ఈ పూట యాపారం అయినట్లే" అని గొణుక్కుంటాడు. నాకు వినిపించేటట్టే గొణుక్కుంటాడు. తప్పు అతనిది కాదు. పెళ్ళి వీడియోలు తీసి, మిక్సింగ్ చేసి ఇవ్వడం నా పని. ఆ పనిలో డిస్కులు కొనడమంటే వంటింట్లోకి ఉప్పు కొన్నంత మామూలు. కానీ ఉప్పు కొన్నట్టు కొనడం నాకు చేతకాదు.

మా నాయన టమోటా మండీలో సరుకు కొనేవాడు. బాక్సు పైవరసలో కాయలు ఎర్రగా, నిగనిగలాడుతూ, అన్నీ ఒకే సైజులో ఉంటాయి. అడుగున పగిలినవి, పచ్చివి, పుచ్చినవి. అందుకే ఆయన బాక్సు బోర్లించకుండా బేరం మొదలుపెట్టేవాడు కాదు. రైతులు విసుక్కునేవాళ్ళు, ఆయన వినేవాడు కాదు. నాకు ఆస్తి కింద వచ్చింది ఆ అలవాటొక్కటే.

డిస్కు అట్టపెట్టె మీద 'సెకనుకు అయిదువందల ఎంబీ వరకు' అని రాసి ఉంటుంది. ఆ 'వరకు' అనే మాటను నేను నమ్మను. పెళ్ళి సంబంధం తెచ్చినవాడు కూడా 'అబ్బాయికి నెలకు లక్ష వరకు వస్తుంది' అంటాడు. అందుకని నా లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళి, షాపు బల్ల మీదే, ఒక పెళ్ళి మొత్తాన్ని కొత్త డిస్కులోకి కాపీ పెట్టి చూస్తాను. చిన్న ఫైలుతో చూస్తే ప్రతి డిస్కూ గుర్రమే. నలుగు దాకా పరిగెత్తి, తాళి కట్టే దగ్గరికొచ్చేసరికి చతికిలబడేవి ఎన్నో ఉన్నాయి. వాటిలో మొదటి కొంచెం చోటు మాత్రం వేగంగా పుచ్చుకునేలా చేసి ఉంటారు. అది నిండగానే అసలు రంగు బయటపడుతుంది. పైన పటారం, లోన లొటారం. ఆ పరీక్ష అయ్యాక ఫోటోలు పెడతాను. పెద్ద వీడియో ఒక్కటి మింగడం వేరు, వేలకొద్దీ చిన్న ఫోటోలు ఒక్కొక్కటిగా మింగడం వేరు. రెండూ చూడందే నేను సంచీ తెరవను.

"అక్కా, డిస్కు కొంటాండావా, పిల్లనిస్తాండావా?" అని అడిగాడు షాపతను ఒకసారి. "పిల్లనిచ్చేవాళ్ళు గూడా ఇంత విచారణ చెయ్యరు."

"చెయ్యకనే గదా నా దగ్గర వీడియో తీసుకున్నోళ్ళు సగంమంది పంచాయతీల్లో తిరగతాండారు" అన్నాను.

నాకు కావలసింది వేగం. లోపల పళ్ళెం గిరగిరా తిరిగే పాతరకం హార్డ్ డిస్కు కన్నా, తిరిగేదేమీ లేని ఎస్‌ఎస్‌డీ ఎన్నో రెట్లు వేగం. అది చేతికొచ్చాక తిరిగే డిస్కుల ముఖం చూడటం మానేశాను. పెళ్ళి పందిరి ఇంకా విప్పకముందే 'వీడియో అయిందా' అని ఫోన్లు చేసే జనంతో బతుకుతున్నదాన్ని. అయినా వాళ్ళననడం ఎందుకు, నేనే అన్నం ఉడికేదాకా ఆగలేక పదిసార్లు మూత తీసి చూసే రకం.

మా అక్క నా మాదిరి కాదు. ఆమెను పుంగనూరులో ఇచ్చారు. బావ సేద్యగాడు, బోరు కింద టమోటా, వేరుశెనగ వేస్తాడు. అక్కకు చుట్టుపక్కల పెద్ద పేరు. కురబలకోట, బి.కొత్తకోట, ఎక్కడ చుట్టాల పెళ్ళయినా ముందు అక్కకు కబురొచ్చేది. నలుగు దగ్గర, బంతి దగ్గర వియ్యాలవారిని ఆటపట్టిస్తూ పాటలు కట్టేది. ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళ మీద, అప్పటికప్పుడు. మగపెళ్ళివారు ఉడుక్కుంటూనే, 'ఇంకోటి పాడమ్మా' అని అడిగేవాళ్ళు.

కొత్తకోటలో బావ మేనకోడలి పెళ్ళప్పుడు వియ్యాలవారిని వదిలి సొంత మొగుడి మీదికే తిరిగింది.

'వియ్యాలవారొచ్చిరి, విందుకు కూచొనిరి,
పప్పు రాక మునుపే పాయసమడిగిరి.
మా ఇంటి అయ్యకేమో మహా తొందరమ్మా,
ఆకు వేయక మునుపే చెయ్యి కడిగెనమ్మా.'

పందిట్లో నవ్వనివాళ్ళు లేరు. బావ అలిగి ఆ పూట పెళ్ళిభోజనం కూడా చేయలేదు. కానీ పాట అబద్ధం కాదు. ఆయనది ఎదుటివాళ్ళ నోట్లో మాట లాక్కొని తానే ముగించే తొందర. బస్సు ఆగకముందే దిగుతాడు. ఆనాటి నుంచి మా చుట్టాల్లో ఎవరు తొందరపడినా 'చెయ్యి కడిగినావా?' అని అడగడం వాడుకైపోయింది.

అలాంటి అక్కకు పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు మెల్లగా తేరుకున్నాయి. మాట తేరుకోలేదు. మనం చెప్పేదంతా తెలుస్తుంది. ఆమె చెప్పాలనుకున్నది నాలుక దాకా వచ్చి ఆగిపోతుంది. 'అది... అది...' అంటుంది. కళ్ళు మాటను వెతుకుతాయి. ఆ వెతుకులాట చూడలేక బావ అందుకుంటాడు: "నీళ్ళా? దుప్పటా? సాయంత్రం పాలా?" ఆమె తల అడ్డంగా ఊపి ఊపి, ఆఖరికి విసిగి గోడవైపు తిరిగేది. పాటలతో పందిళ్ళు ఊపేసిన మనిషి అలా గోడకు తిరిగి పడుకుంటే నాకు ఏడుపొచ్చేది.

కుప్పంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ మాట నేర్పించే డాక్టరమ్మ చాలా చిన్నది, అరవయాసతో తెలుగు మాట్లాడుతుంది. అక్క చెయ్యి పట్టుకొని చాలాసేపు కూర్చుంది. "మీరు పాడతారా అమ్మా?" అని అడిగింది. అక్క కళ్ళు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. బావ వెంటనే, "పాడతాదా ఏందమ్మా, జిల్లా అంతా..." అని మొదలుపెట్టాడు. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మాట పోయినోళ్ళకు కూడా ఒక్కోసారి పాట మిగిలి ఉంటాది సార్. ఆ పాట చెయ్యి పట్టుకొని మాట వెనక్కి రావచ్చు. రాకపోనూ వచ్చు. ఆమె గొంతుతో పాడిన పాటలే తెచ్చి రోజూ వినిపించండి. మధ్యలో మీరెవరూ అందుకోవద్దు."

తిరుగుబస్సులో పలమనేరు దాటేదాకా నేనూ బావా మా ఫోన్లు వెతికాం. అక్క గొంతు మా దగ్గర ఎక్కడా లేదని అప్పుడే తెలిసింది. ఫోన్లో పట్టుకోబోతే ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది. అవి ఆమె కట్టిన పాటలు, ఇంకెవరికీ మొత్తం రావు. కొత్తకోట పాటను నేను పాడి చూపించాను. నా గొంతు దేవుడిచ్చిన శిక్ష. అక్క విని నవ్వింది, అంతే.

"పెళ్ళి వీడియోల్లో ఉంటాది గదా! అన్నీ నువ్వు తీసినవే గదా!" అన్నాడు బావ. ఇల్లు చేరగానే టీవీ కింద దాచిన పెన్‌డ్రైవులన్నీ బయటికి తీశాడు. నేను వద్దనేలోపే కొత్తకోట పెళ్ళి పెట్టేశాడు.

తెరమీద బంతి భోజనాలు. అరిటాకుల వరస. పట్టుచీరలో అక్క, తల ఒకపక్కకు వాల్చి, చెయ్యి ఊపుతూ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి సినిమా డ్యూయెట్ వచ్చింది.

మా పనిలో అది రివాజు. పెళ్ళిలో అసలు శబ్దమంటే జనరేటరు మోత, పిల్లల ఏడుపు, మైకు కీచుమనడం. అదంతా తీసేసి మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు పరుస్తాం. అలా చేయకపోతే వీడియో వెనక్కి పంపిస్తారు. ఆ కొత్తకోట వీడియో మిక్సింగ్ చేసేటప్పుడు అక్కే నా పక్కన కూర్చొని, "మా అరుపులన్నీ తీసేసి మంచి సినిమా పాట ఎయ్యి" అని పోరింది.

ఇప్పుడు ఆమె తెరమీద తన నోటిని చూస్తూ, ఎడమచేతి వేళ్ళతో తన పెదాలను తడుముకుంది. బావ టీవీ ఆపేశాడు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు కానీ, విపరీతంగా వచ్చింది.

మదనపల్లెకొచ్చి నా వీడియో షాపంతా గాలించాను. నాకు కావలసింది సినిమా పాటలు వేయకముందు, కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టుండే అసలు వీడియో. పెళ్ళివాళ్ళకు వీడియో ఇచ్చేశాక ఆ అసలును ఎవరూ అడగరు. డిస్కు తుడిచి తర్వాతి పెళ్ళికి వాడుకుంటాం. ఎంత వేగమైన డిస్కయితే అంత ఎక్కువసార్లు తుడిచాను. నేను ఏరి కోరి, బోర్లించి పరీక్షించి తెచ్చుకున్నవాటిలో ఒక్కదాంట్లోనూ అక్క లేదు.

ఏమీ తోచక బల్ల ముందు కూలబడ్డాను. బల్లమీద అంతకు ముందురోజు అంటించిన ఆల్బమ్ పేజీలు ఆరుతున్నాయి. అవి పైకి లేవకుండా వాటి మీద ఎప్పటిలాగే ఒక బరువు పెట్టి ఉంది. పాత కంప్యూటర్‌లోంచి ఊడదీసిన, అర ఇటుకంత హార్డ్ డిస్కు. మరీ నత్తనడక అని పనిలోంచి తీసేశాను. అప్పట్లో దాన్ని తుడవాలన్నా గంటలు పట్టేది. అంత ఓపిక లేక, ఉన్నది ఉన్నట్టే వదిలేసి బరువుకు వాడుకుంటున్నాను.

పాత డిస్కును బయటినుంచి కంప్యూటర్‌కు తగిలించే డబ్బాలో దాన్ని పెట్టాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత మూలిగినట్టు ఒక శబ్దం, ఆపైన టిక్కు టిక్కుమని కొట్టుకోవడం. ఆ టిక్కు వింటే మా పనివాళ్ళకు గుండె జారుతుంది, డిస్కు పోయే కాలానికి అది గుర్తు. అయినా ఫోల్డర్లు ఒక్కొక్కటిగా తెరమీదికొచ్చాయి. అందులో కొత్తకోట ఉంది.

తెరిచి చూడాలని చేతులు దురదపెట్టాయి. చూడలేదు. పళ్ళెం తిరిగే ప్రతి చుట్టూ ఆఖరిది కావచ్చు. ముందు కాపీ, చూడటం తర్వాత. నా దగ్గరున్న డిస్కులన్నీ సగం పనైన పెళ్ళిళ్ళతో నిండి ఉన్నాయి. పాత డిస్కును ఆపేసి బావకు ఫోన్ చేశాను. పుంగనూరు నుంచి ఆయన వచ్చిన వేగం చూస్తే, బస్సును కూడా తానే తోలుకొచ్చాడేమో అనిపించింది. ఇద్దరం కలిసి ఆ షాపుకే పోయాం.

"వేగమైంది ఇయ్యప్పా" అన్నాడు బావ మెట్లెక్కుతూనే. "నీ తావ ఉండేవాట్లో అన్నిటికంటే బిన్నా పోయేది."

షాపతను ఎస్‌ఎస్‌డీల పెట్టెలు వరసగా పెట్టాడు. ఇది అంత వేగం, అది దానికి రెండింతలు అని చెప్పుకుపోయాడు. బావ రెండింతలదాన్ని చేతికి తీసుకున్నాడు.

"బావా," అన్నాను, "మన బోరు సన్నధార పోస్తాంటే, నాలుగించుల పైపు ఏస్తే నీళ్ళు జాస్తి వస్తాయా?"

"యాడొస్తాయి? బోరు ఇచ్చిందే నీళ్ళు."

"ఆ పాత డిస్కే మన బోరు. ఇది ఎంత వేగంగా పుచ్చుకున్యా, అది ఇచ్చేంతే గదా ఇస్తాది."

బావ పెట్టెను కిందపెట్టాడు కానీ, మనసు ఇంకా దానిమీదే ఉంది. నేను రెండు మామూలు హార్డ్ డిస్కులు అడిగాను. తిరిగేవే, నెమ్మదైనవే. ఇది పరిగెత్తే పని కాదు, దాచే పని. ఎస్‌ఎస్‌డీని కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి బీరువాలో పడేస్తే అందులోది నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. అలాగని తిరిగే డిస్కును కూడా ఒక్కదాన్నే నమ్మను. ఒకటి పుంగనూరులో, ఒకటి నా దగ్గర. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుంది.

షాపతను నా ముఖంలోకి అనుమానంగా చూశాడు. "అక్కా, ఒళ్ళు బాగుండాదా?"

"పరిగెత్తి పాలు తాగేదానికంటే నిలబడి నీళ్ళు తాగేది మేలంట" అన్నాను.

"ఈ మాట నువ్వు చెప్తాండావా!" అని అతను మా ఇద్దరికీ టీ తెప్పించాడు. ఎన్నేళ్ళుగానో పోతున్నా అదే మొదటిసారి. నెమ్మదైనవని పరీక్ష మానలేదు. లాప్‌టాప్ తీసి ఒక పెళ్ళి మొత్తం రెండింట్లోకీ ఎక్కించాను. వేగం తక్కువే, కానీ మొదట్లో ఎంతో చివరికీ దాదాపు అంతే. బావ నా చేతులవంక చూస్తూ, "బాక్సు బోర్లిస్తాండావు. మా మామ మాదిరే" అన్నాడు. మా నాయన పోయి చాలాకాలమైంది.

నా షాపుకొచ్చి పాత డిస్కు తగిలించాం. చదవగలిగినంత చదివి, రానిదాన్ని వదిలి ముందుకు పోయేలా కాపీ పెట్టాను. కాసేపు గంట పడుతుందని చూపించింది, కాసేపటికి పది గంటలంది. బావ కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కొత్తకోట దగ్గరికి రాగానే కాపీ ఆగిపోయింది. డిస్కు టిక్కు టిక్కుమంటోంది.

"ఒకసారి పీకి మళ్ళా పెట్టు" అంటూ ఆయన వైరు మీద చెయ్యేశాడు.

"చెయ్యి తియ్యి బావా!" అని అరిచాను. "దాని పాటికి దాన్ని ఇయ్యనీ!"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. బావ చెయ్యి వెనక్కి తీసుకొని గోడవారన కూర్చున్నాడు. నా వైపు చూడకుండానే అన్నాడు: "కుప్పం డాక్టరమ్మ చెప్పింది నిజమే. నా నోరు ఆగదు. కావాలని కాదమ్మా. మీ అక్క మాట కోసం ఎతుకులాడతాంటే సూడలేక అందుకుంటా."

ఇన్నాళ్ళూ నేను ఆయన్ను తొందరగాడనే అనుకున్నాను. నాకు ఆయన మీద ఎంతో జాలి కలిగింది, ప్రేమ కూడా. ఆయనకు ఇంకో టీ తెప్పించాను.

సాయంత్రానికి డిస్కు ఇవ్వగలిగింది ఇచ్చింది. ఆపైన తిరగడం ఆగిపోయింది, మళ్ళీ తిరగలేదు. కొత్తకోట వీడియో ఒకచోట తెగిపోయింది, మిగతా పెళ్ళిళ్ళలో కొన్ని బాగానే ఉన్నాయి. జనరేటరు మోత మధ్యలోంచి అక్క గొంతు వినిపించగానే బావ తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. ఆమె పాడిన ముక్కలన్నీ ఏరి ఒకచోట చేర్చాను. మోత తీయలేదు, ఏ పాటా పరచలేదు. నేను మిక్సింగ్ చేయని వీడియో అదొక్కటే.

మర్నాడు పుంగనూరులో, వసారాలో అక్క మంచం పక్కన స్టూలు వేసి లాప్‌టాప్ పెట్టాను. తన గొంతు వినగానే అక్క లేచి కూర్చుంది. నలుగు పాటలు విన్నంతసేపూ పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ఈసారి గొంతులో సన్నటి కూనిరాగం. మాటల్లేవు, రాగం మాత్రం తప్పలేదు.

ఆఖరున కొత్తకోట వచ్చింది. వియ్యాలవారొచ్చారు, పప్పు రాకముందే పాయసం అడిగారు. పందిట్లో నవ్వులు. తెరమీద అక్క తల ఒకపక్కకు వాల్చి, కళ్ళతో బావను వెతికింది.

'మా ఇంటి అయ్యకేమో మహా తొందరమ్మా,
ఆకు వేయక మునుపే...'

బొమ్మ బిగుసుకుపోయింది. శబ్దం ఆగిపోయింది. తెగింది అక్కడే.

తర్వాతి ముక్క మా చుట్టాల్లో ఎవరికి రాదు గనక? బావకు అందరికంటే బాగా వచ్చు, ఇన్నేళ్ళూ పడ్డవాడు ఆయనే. ఆయన నోరు తెరుచుకోవడం చూశాను. నా నోరూ తెరుచుకుంది. బావ తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాడు. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. పక్కింట్లో మిక్సీ తిరిగి తిరిగి ఆగింది. అక్క కళ్ళు వెతుకుతున్నాయి, పెదాలు వణుకుతున్నాయి. 'అది' అనలేదు.

"చె..." అంది. ఆగింది. "చెయ్యి..."

ముఖం బావవైపు తిప్పింది. చాలా రోజుల తర్వాత ఆ కళ్ళలో పాత కొంటెతనం కనిపించింది.

"కడిగె...నమ్మా" అని రాగం తీసింది.

బావ నోట్లోంచి తువ్వాలు తీశాడు. కళ్ళనిండా నీళ్ళు. "కడిగినా మే" అన్నాడు. "కడిగినాలే. ఇంగోసారి సెప్పు. నిదానంగానే సెప్పు."

అక్క మళ్ళీ మొదలుపెట్టింది. మేమిద్దరం నోళ్ళు మూసుకొని కూర్చున్నాం.